దించిన లంగరు

మామగారు ఫోన్ చేసి ఓడ మునిగిపోయిందని చెప్పినప్పుడు అల్లుడు తన సైన్‌బోర్డుల షాపులో ఒక చెప్పుల దుకాణం బోర్డుకు అక్షరాలు అంటిస్తున్నాడు. ఒక అక్షరం అంటించాడు. రెండో అక్షరం వెనక కాగితం సగం ఒలిచి ఉంది. ఓడ మునిగిన సంగతి అతనికి ముందురోజే తెలుసు. ముంచింది అతనే.

మీరు గాని చూశారా అని మామగారు అడిగారు.

"చూశాను మామయ్యా. నేను వెళ్లేసరికే అలా ఉంది," అన్నాడు అల్లుడు.

ముందుగా అనుకుని అన్న మాట కాదు. చేతిలో అక్షరం ఉంది, జిగురు వైపు వేలికి అంటుకుంటోంది, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంది. సాయంత్రం తీరిగ్గా చెబుదామనుకున్నాడు.  అవతల మామగారు, లంగరు పైనే ఉందని, చివర్లో ఓడ దిగింది తనేనని, దించడం మర్చిపోయి ఉంటానని అన్నారు. అల్లుడు ఆఁ అన్నాడు. ఒలిచిన అక్షరం వంకరగా పడింది. పీకి మళ్లీ కోయాల్సి వచ్చింది.

మామగారు లిఫ్ట్ మెకానిక్. ఊళ్లోని అపార్ట్‌మెంట్లకూ ఆఫీసులకూ లిఫ్టులు బాగుచేసే కంపెనీలో తల నెరిసేదాకా పనిచేశారు, ఇంకా చేస్తున్నారు. స్నానాల గదిలో జారిపడి కాలు విరిగి మంచంలో ఉన్నప్పుడు, కాలక్షేపానికని అల్లుడు ఆయన కంప్యూటర్లో ఈ ఆట పెట్టాడు. సముద్రం, దీవులు, ఆకలి, దాహం, తుఫాన్లు; వాటి మధ్య ఓడ కట్టుకుని బతకాలి. ఇద్దరూ ఎవరింట్లో వాళ్లు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒకే సముద్రంలో తిరగవచ్చు. ఒకరు లేనప్పుడు ఇంకొకరు వెళ్లవచ్చు. జరిగినదాన్ని వెనక్కి తిప్పే వీలు మాత్రం ఆ ఆటలో లేదు. మునిగింది మునిగినట్టే ఉంటుంది, బాగుచేసుకుంటే తప్ప.

ఇదేం చిన్నపిల్లల గోల అని మామగారు మొదట్లో విసుక్కున్నారు. కాలికి కట్టు విప్పేసరికి సగం ఓడ కట్టేశారు. దానికి పెద్దమ్మాయి అని పేరు పెట్టారు. చిన్నమ్మాయిని మీకిచ్చాను కాబట్టి పెద్దమ్మాయిని నేనే చూసుకుంటాను అనేవారు అల్లుడితో. ఆయనకున్నది ఒక్కతే కూతురు. తనకన్నా ఆ చెక్కముక్కలకే గారాబం ఎక్కువైందని ఆమె దెప్పేది.

ఆట బయట ఆయన అల్లుణ్ణి మీరు అనేవారు. అన్నం దగ్గర ముందు అతనికే వడ్డించమనేవారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఆయన ఓడ నడిపే సరంగు, అల్లుడు చేతికింద కళాసీ. "ఒరేయ్ కళాసీ, నీళ్లు తోడమంటే దిక్కులు చూస్తావేంట్రా," అని అరిచేవారు. ఆయన నోటి నుంచి అలా తిట్లు తినడం అల్లుడికి ఇష్టంగా ఉండేది. భార్యకు మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

లిఫ్టు పనిలో ఒక పద్ధతి ఉంది. లిఫ్టు కింది గోతిలోకి దిగబోయే మెకానిక్ ముందు మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకోవాలి. ఆపాను అని పైకి అనాలి. పక్కనున్నవాడు కళ్లతో చూసి, ఆపారు అనాలి. ఆ తర్వాతే కాలు లోపల పెట్టాలి. మామగారు ఆ పద్ధతిని ఓడ మీదికీ తెచ్చారు. దిగిపోయే ముందు లంగరు దించాను అనేవారు, అల్లుడు చూసి దించారు అనేవాడు. ఓడ మునగడానికి ముందురోజు మాత్రం భార్య భోజనానికి పిలిచిందని అల్లుడు ముందే వెళ్లిపోయాడు. మామగారు ఒంటరిగా ఓడను ఒడ్డున నిలుపుతుండగా, వియ్యపురాలిని ఆసుపత్రిలో చేర్చారని ఫోన్ వచ్చింది. ఆయన హడావిడిగా లేచి, చొక్కా మార్చుకుని, భార్యతో కలిసి బయల్దేరారు. మర్నాడంతా ఆసుపత్రిలోనే ఉన్నారు.

ఆ మర్నాడే అల్లుడు ఓడను ముంచాడు. షాపు పక్కన ఫొటో స్టూడియో ఉంది. అల్లుడు ఆ ఫొటోగ్రాఫర్ దగ్గర ఓడ గురించి చాలా మాట్లాడేవాడు. ఆ మాటల్లో సరంగు తనే. తల్లికి ప్రమాదం తప్పిందని తెలిసి మనసు తేలికపడిన మధ్యాహ్నం అది. ఏదీ, ఒకసారి నడిపి చూపించండి, మామగారి అనుమతి కావాలా ఏంటి అని ఫొటోగ్రాఫర్ నవ్వాడు. అల్లుడు షాపు కంప్యూటర్లో ఆట తెరిచాడు. లంగరు దిగి ఉంది. తన చేత్తోనే చుట్టి పైకి లాగాడు. అఖాతం నోటి దగ్గర రెండు బండల మధ్య సందు ఉంటుంది. అక్కడికి రాగానే మామగారు తెరచాప సగానికి దించేవారు. అల్లుడు దించలేదు. ఓడ ముక్కు బండకు తగిలింది, పలకలు విడిపోయాయి, నీళ్లు లోపలికి వచ్చాయి. ఓడ వెనక్కి జారి, లోతులేని చోట ఒడ్డు దగ్గర కూలబడింది. ఫొటోగ్రాఫర్ అంతేనా అని అడిగాడు. ఈలోగా పాస్‌పోర్టు ఫొటో కోసం ఎవరో వస్తే వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో అల్లుడు మామగారి పక్కనే కూర్చున్నాడు. చెప్పలేదు. తల్లి మంచం మీదుండగా ఓడ గోల ఏమిటని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. తర్వాత ఫోన్ వచ్చింది, ఆ మాట అనేశాడు.

బాగుచేయడం మొదలుపెట్టారు. ఆటు వచ్చినప్పుడు నీళ్లు తగ్గి ఓడ పొట్ట బయటపడుతుంది. అప్పుడే పగిలిన పలకలు పీకాలి, లోపలి పక్కటెముకలు సరిచూడాలి, కొత్త పలకలు కొట్టి సందుల్లో తారు పూయాలి. పోటు వచ్చేలోగా పూర్తికాకపోతే మళ్లీ నీళ్లు నిండుతాయి. పలకల కోసం దీవిలోకి వెళ్లి చెట్లు కొట్టాలి. మేకుల కోసం ఇనుము కరిగించాలి. ఓడ ఒరగకుండా లోపల వేసిన బరువు రాళ్లు దొర్లి నీటి అడుగున పడ్డాయి. నీళ్లలో మునిగి వాటిని పైకి తేవాలి. ఊపిరి చాలకపోతే చస్తారు, చేతిలో ఉన్న పనిముట్లన్నీ పోతాయి.

మునిగే పని మామగారు తీసుకున్నారు. మొదటిసారి చచ్చారు, సుత్తి పోయింది. రెండోసారీ చచ్చారు. అల్లుడు తను దిగుతానన్నాడు.

"వద్దు. తప్పు నాది, నీళ్లు నేనే తాగాలి. నువ్వు ఒడ్డున తారు కాచుకో," అన్నారు మామగారు. ఒరేయ్ అనలేదు, కళాసీ అనలేదు.

పగిలిన ముక్కు దగ్గరికి వచ్చినప్పుడు ఆయన ఆగారు. అల్లుడు హెడ్‌ఫోన్లలో ఆయన ఊపిరి విన్నాడు. లంగరు లేని ఓడను గాలి తోస్తే పక్కవాటుగా కదా వెళ్లి బండకు తగలాలి, ముక్కు ఎలా పగిలిందో అర్థం కావడం లేదన్నారు. తెరచాప కూడా పూర్తిగా ఎత్తి ఉందన్నారు. అల్లుడు తారు కుండలో పుల్ల తిప్పుతూ ఉండిపోయాడు. చివరికి మామగారే సర్దిచెప్పుకున్నారు. గాలి తిరిగి ఉంటుంది, తెరచాప దించడం కూడా మర్చిపోయి ఉంటాను, ఒకటి మర్చిపోయినవాడు రెండోది మర్చిపోడా అన్నారు.

అత్తగారు మొదట ఈ సంగతిని వేళాకోళం చేశారు. కళ్లద్దాలు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషికి ఓడలెందుకన్నారు. తర్వాత వేళాకోళం తగ్గి, గుర్తుచేయడం పెరిగింది. పాల గిన్నె స్టవ్ మీద మాడిన రోజు, గొడుగు బస్సులో వదిలేసిన రోజు, కూతురి పుట్టినరోజుకు ఒకరోజు ముందే శుభాకాంక్షలు చెప్పిన రోజు, అన్నీ ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. అత్తగారి భయం అత్తగారిది. ఆమె తండ్రి చివరి రోజుల్లో ఆమెను గుర్తుపట్టలేదు. మామగారు ఏదీ కాదనలేదు. తాళం వేసిన తలుపు దగ్గరికి మళ్లీ వెళ్లి లాగి చూడటం మొదలుపెట్టారు.

తర్వాత ఒకరోజు అన్నం పెడుతూ భార్య చెప్పింది. నాన్న మేనేజర్ దగ్గరికి వెళ్లి, ఇక గోతుల్లోకి దిగనని, మతిమరుపు వస్తోందని, స్టోర్‌లో వేయమని అడిగారట. ఆటలో లంగరు మర్చిపోయినవాణ్ణి రేపు స్విచ్ మర్చిపోతాను, నేను చస్తే చచ్చాను, నాతో దిగినవాడి పెళ్లాంపిల్లలకు ఏం చెప్పను అని ఇంట్లో అమ్మతో అన్నారట. మేనేజర్ ఆ మధ్యాహ్నమే తాళంచెవి తీసుకుని, స్టోర్‌లో కుర్చీ చూపించాడు. లిఫ్టుల పనిలో నాకు మతిమరుపు అని ఎవరన్నా అంటే ఏ మేనేజరూ మారుమాట్లాడడు.

అల్లుడు కంచం వైపు చూస్తూ విన్నాడు. చెప్పాలనుకున్నాడు. కానీ ఓడ తేలాక మామగారు చుక్కాని పట్టుకుంటే ధైర్యం దానంతటదే వస్తుందని, అప్పుడు ఆయనే మళ్లీ గోతిలోకి దిగుతానంటారని అనుకున్నాడు. ఆ ఆలోచన అతనికి నచ్చింది.

ఓడ తేలింది. పోటు నీళ్లు పొట్ట కిందికి వచ్చి, ఒక పక్కకు ఒరిగి ఉన్న ఓడ నిలబడింది. కొత్త పలకలు ముక్కు దగ్గర తెల్లగా కనిపిస్తున్నాయి. ఎక్కడా నీరు కారడం లేదు. చుక్కాని పట్టుకోండి మామయ్యా అన్నాడు అల్లుడు. మీరే పట్టుకోండి, నేను చూస్తూ కూర్చుంటాను అన్నారు ఆయన. ఆ సముద్రంలో అల్లుణ్ణి మీరు అనడం అదే మొదటిసారి. ఓడను కాస్త దూరం నడిపి వెనక్కి తెచ్చాక, లంగరు దిగిందో లేదో అల్లుడి చేత రెండుసార్లు చూపించుకుని, ఇక కళ్లు లాగుతున్నాయని ఆయన వెళ్లిపోయారు.

మతిమరుపు డాక్టరుకు చూపించాలని కూతురు పట్టుబట్టింది. ఆమెకు ఆఫీసులో సెలవు దొరకలేదు. అల్లుడు తీసుకెళ్లాడు. డాక్టరు మామగారికి కొన్ని మాటలు చెప్పి కాసేపయ్యాక తిరిగి చెప్పమంది. గడియారం బొమ్మ గీయమంది. ఈ మధ్య ఏదైనా పెద్ద పొరపాటు జరిగిందా అని అడిగింది. మామగారు ఓడ గురించి చెప్పారు. ఆమె నవ్వలేదు, శ్రద్ధగా రాసుకుంది. తర్వాత అల్లుడి వైపు తిరిగి, ఆయన చెప్పింది సరేనా, పక్కనుండి చూసినవాళ్లుగా మీరేమైనా చెబుతారా అని అడిగింది.

గదిలో ముగ్గురే ఉన్నారు. మామగారు కూడా అల్లుడి వైపు చూస్తున్నారు. తన గురించి నిజం చెప్పగలిగిన మనిషి వైపు చూస్తున్నట్టు చూస్తున్నారు.

"లేదండీ. ఆయన చెప్పిందే," అన్నాడు అల్లుడు.

పరీక్షలో తేడా ఏమీ కనబడలేదని డాక్టరు చెప్పింది. అయినా ఆ ఓడ విషయం లాంటివి మళ్లీ జరిగితే రమ్మంది. ప్రమాదమున్న పని మానుకోవడం మంచిదే అంది. ఆ చివరి మాటకు మామగారు తల ఊపారు.

కిందికి దిగి మందుల కౌంటర్ ముందు బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగా రెండు లిఫ్టుల్లో ఒకటి పనిచేయడం లేదు. తలుపు మీద కాగితం అంటించి ఉంది. కాసేపటికి ఒక మెకానిక్ సంచీతో వచ్చాడు. చొక్కా మీద మామగారి కంపెనీ గుర్తు ఉంది. మామగారు చటుక్కున తల తిప్పుకుని, గోడ మీద చేతులు కడుక్కునే విధానం బొమ్మలు చూడసాగారు. మెకానిక్ లోపలికి వెళ్లేదాకా మెడ తిప్పలేదు. ఆయన చెవి వెనక చర్మం ఎర్రబడింది.

"మామయ్యా, లంగరు మీరు దించారు," అన్నాడు అల్లుడు.

ఆయన గోడ వైపే చూస్తూ, మీకెలా తెలుసన్నారు.

"పైకి లాగింది నేనే."

మామగారు ఇప్పుడు అతని వైపు తిరిగారు. కేకలేస్తారని అల్లుడు ఎదురుచూశాడు. ఆయన ప్రశ్నలడిగారు. ఎప్పుడు, గాలి ఎటుంది, సందు దగ్గర తెరచాప దించారా, చుక్కాని ఎటు తిప్పారు. లిఫ్టు ఆగిపోయిన చోట వాచ్‌మన్‌ను అడిగే తీరులోనే అడిగారు. అల్లుడు ఒక్కోదానికీ జవాబు చెప్పాడు. తెరచాప ఎందుకు దించలేదని అడిగితే, వేగంగా వెళ్తే ఫొటోగ్రాఫర్‌కు బాగుంటుందనుకున్నానని చెప్పాల్సి వచ్చింది.

"అందుకే ముక్కు పగిలింది," అన్నారు మామగారు. "నేను గాలి తిరిగిందనుకున్నాను." తర్వాత, "ఇందాక డాక్టరమ్మ అడిగింది కదండీ మిమ్మల్ని," అన్నారు.

 మందుల కౌంటర్‌లో మామగారి పేరు పిలిచారు. ఆయనే లేచి వెళ్లి, బలానికి రాసిన మాత్రలు తెచ్చుకున్నారు.

ఆడవాళ్లకు మీరే చెప్పండి అన్నారు దారిలో. ఆ సాయంత్రం అత్తగారింట్లో, నలుగురూ ఉండగా అల్లుడు చెప్పాడు. అత్తగారు మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లారు. కొళాయి తిప్పిన చప్పుడు వినిపించింది, గిన్నెల చప్పుడు వినిపించలేదు. భార్య చివరిదాకా విన్నది.

"నాన్న స్టోర్‌కి మారారని నేను చెప్పిన రోజు మీకు ఇదంతా తెలుసు కదా," అంది.

తెలుసన్నాడు.

"ఆ రోజు మీరు కూర మళ్లీ వడ్డించమని అడిగారు."

 ఆ రాత్రికి పుట్టింట్లోనే ఉంటానంది. చెప్పులు వేసుకుంటున్న అల్లుణ్ణి మామగారు గుమ్మం దాకా సాగనంపారు, ఎప్పటిలాగే.

మర్నాడు అల్లుడు షాపు తెరవకుండా లిఫ్టు కంపెనీకి వెళ్లాడు. వెళ్లమని ఎవరూ చెప్పలేదు. మేనేజర్ గది అద్దాల గది. బయట మెకానిక్‌లు హాజరు వేయించుకుని, టీ తాగుతూ నిలబడి ఉన్నారు. ఫలానా ఆయన అల్లుణ్ణి అని చెప్పుకుని కూర్చున్నాడు. మామగారికి మతిమరుపు లేదని, ఆయన మర్చిపోయాననుకున్నది తన వల్లేనని చెప్పాడు. ఓడ, లంగరు, బండలు, అబద్ధం, వరసగా చెప్పాడు. మేనేజర్ వింటూ వింటూ పెన్ను కింద పెట్టాడు.

"ఓడ అంటే?" అన్నాడు.

"వీడియో గేమ్‌లో ఓడండీ."

మేనేజర్ తలుపు తెరిచి సూపర్‌వైజర్‌ను పిలిచాడు. మీరూ వినండి అని కుర్చీ చూపించాడు. అల్లుడితో, మొదట్నుంచి ఇంకోసారి చెప్పండి అన్నాడు. ఎగతాళిగా అనలేదు. తలుపు మూయడం మాత్రం మర్చిపోయాడు. అల్లుడు మళ్లీ మొదలుపెట్టాడు. ఫొటోగ్రాఫర్ దగ్గరికి వచ్చేసరికి బయట టీ గ్లాసుల చప్పుడు ఆగింది. ఎవరో కిసుక్కున నవ్వారు, ఇంకెవరో ఉష్ అన్నారు. అల్లుడికి చెమట పట్టింది. ఆపలేదు. డాక్టరు అడిగినప్పుడు తను ఏం చెప్పాడో అది కూడా చెప్పాడు. అది చెప్పకపోయినా అక్కడ ఎవరికీ తెలిసేది కాదు.

అంతా అయ్యాక సూపర్‌వైజర్ అడిగాడు. "అప్పుడు అబద్ధం చెప్పానంటున్నారు. ఇప్పుడు మామగారి ఉద్యోగం కోసం చెప్పట్లేదని ఏంటి నమ్మకం?"

అల్లుడు డాక్టరు కాగితం బల్ల మీద పెట్టాడు. అంతకుమించి అతని దగ్గర ఏమీ లేదు. మేనేజర్ దాన్ని చదివాడు. ప్రమాదమున్న పని మానుకోవడం మంచిదన్న వాక్యం అందులోనూ ఉంది. దాని మీద వేలు పెట్టి, ఇది తీసేయలేను కదండీ అన్నాడు. పని తెలిసిన మనిషి, స్టోర్‌లో కూర్చోబెట్టడం తనకూ ఇష్టం లేదన్నాడు. కానీ మతిమరుపు అన్న మాట ఆయన నోటితోనే వచ్చింది, నలుగురూ విన్నారు. కాబట్టి రేపట్నుంచి పనిలోకి రావచ్చు, ఒంటరిగా మాత్రం కుదరదు. స్విచ్ ఇంకొకరు ఆపుతారు, తాళంచెవి ఆ ఇంకొకరి జేబులో ఉంటుంది. ఎన్నాళ్లని అల్లుడు అడిగితే, చూద్దాం అన్నాడు.

బయటికి వస్తుంటే మెకానిక్‌లు దారి ఇచ్చారు. ఎవరూ నవ్వలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

మామగారు ఆరోజు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నారు. అల్లుడు నిలబడే చెప్పాడు. కూర్చోమని ఆయన అన్నా కూర్చోలేదు. మేనేజర్ చెప్పింది చెప్పినట్టు, తాళంచెవి సంగతితో సహా చెప్పాడు. భార్య తలుపు దగ్గర నిలబడి విన్నది.

పక్కన ఎవరిని వేస్తారట అని మామగారు అడిగారు. అల్లుడు చెప్పాడు. ఆ కుర్రవాడు తన సంచీ మోసిన రోజుల నుంచీ మామగారే అతనికి పని నేర్పారు.

"వాడా," అన్నారు. "వాడికి స్విచ్ ఆపడం నేర్పింది నేనే. రెండుసార్లు చెంప మీద కొట్టాను కూడా." నవ్వబోయి ఆగిపోయారు. "పోనీలెండి. వాడు మంచివాడు. జేబులో ఉందా అని అడిగితే విసుక్కోడు."

లేచి గోడకున్న మేకు నుంచి పని చొక్కా తీసి, రేపటికి ఇస్త్రీ చేయించాలి అని కూతురికి ఇచ్చారు. ఆమె అందుకుంది. అల్లుడు తను తీసుకెళ్లి చేయిస్తానన్నాడు. ఆమె చొక్కా ఇవ్వలేదు. లోపలికి వెళ్లి ఇస్త్రీ పెట్టె తీసింది. అల్లుడు అక్కడే నిలబడ్డాడు, వెళ్లమని గాని ఉండమని గాని ఎవరూ అనలేదు.